వాగులో లారీ, రాజోలులో వించి

కోనసీమ వెళ్ళొచ్చానంటే మా గోకవరంలో ఎవరైనా అడిగేది ఒకటే. కొబ్బరికాయలు ఏవి, పూతరేకులు ఏవి అని. నేను మోసుకొచ్చింది పాత ఇనుము. ఆ ఇనుము కోసం గోదావరి పాయలన్నీ దాటి, దారిపొడుగునా అందరి మర్యాదలకీ విసుక్కుని, తిరిగొచ్చాక ఆ విసుగుకి నవ్వుకుంటూ ఇది రాస్తున్నాను. అటువైపు వెళ్ళని వాళ్ళకి ఆ దేశం ఎలా ఉంటుందో కొంచెం తెలుస్తుంది. తొందర ఎలా ఉంటుందో మాత్రం నాలాంటి వాళ్ళకి చెప్పక్కర్లేదు.

ముందు లారీ సంగతి చెప్పాలి. యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్ళు వేలం వేసిన బళ్ళలో ఒకటి నేను పాడుకున్నాను. నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే రకం. కొండల్లోంచి కలప దింపడానికి దాన్ని మించింది లేదు. అలాంటి లారీకి ముందు బంపరు దగ్గర వించి ఉంటుంది. వించి అంటే ఇనపతాడు చుట్టిన డ్రమ్ము. బండి బురదలో దిగబడితే ఆ తాడు కొస ఒక చెట్టుకి కట్టి ఇంజను తిప్పుతారు. తాడు చుట్టుకుంటూ ఉంటే బండి తనని తానే ఒడ్డుకి లాక్కుంటుంది. నా లారీ వేలంలోకి వచ్చేసరికే ఆ వించిని ఎవరో ఊడబెరుక్కుపోయారు. నాకు బోల్టుల కన్నాలు మిగిలాయి.

రోహిణీ కార్తె చివర్లో, ఆఖరి లోడు దింపుతుండగా, మారేడుమిల్లి అవతల ఒక వాగు మధ్య ఇసక కుంగి లారీ ఇరుసుల దాకా దిగబడింది. దుంగలన్నీ దింపేశాం. గూడెంలోని ఎద్దుల్ని జతలు జతలుగా కట్టి లాగించాం. మోకులు తెగాయి గాని బండి కదల్లేదు. నడిపినవాడు నా బావమరిది వీర్రాజు. తప్పు ఇసకదే అని నేనెంత చెప్పినా వాడు వినలేదు. "బండి ఒడ్డెక్కితేనే నేను దిగుతాను బావా. డ్రైవరు బండిని నీళ్ళలో వదిలేసి ఇంటికెళ్తే రేపు ఎవరి మొహం చూస్తాను" అని స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. పగలు ఒడ్డున వంట చేసుకోవడం, మిగతా వేళంతా లారీలోనే. మా ఇంటిదాని తమ్ముడు మరి. మొండితనం ఆ ఇంటి ఆస్తి.

ఆ వాగు సంగతి మాకు తెలుసు. ఎగువ కొండ మీద వాన పడితే కింద ఎండ కాస్తూ ఉండగానే వాగు మనిషెత్తు వచ్చేస్తుంది. మృగశిర కార్తె రాబోతోంది. లారీ పోతే నా బతుకుతెరువు పోతుంది. వీర్రాజు పోతే ఇంటికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి? రాజమండ్రిలో ఒక రిపేరు షెడ్డులో, ఇలాంటి వించి ఒకటి రాజోలులో సత్తిరాజు గారనే పడవల ఆసామీ దగ్గర ఉందనీ, అమ్మేస్తారనీ విన్నాను. విన్న గంటకే బస్సెక్కాను.

జొన్నాడ రేవు

జొన్నాడలో బస్సు ఆగిపోతుంది. అక్కణ్ణించి కాలికింద మాడే ఇసకలో నడిచి, పడవలో గౌతమి దాటి, అవతల రావులపాలెంలో మరో బస్సు పట్టుకోవాలి. పడవ నిండిపోయింది. అయినా సరంగు తాడు విప్పడు. ఎందుకయ్యా అంటే ఒడ్డు మీద ఒక పెళ్ళివారి ముసలావిడ ఎక్కడో వక్కల సంచి మర్చిపోయి వెతుక్కుంటోంది.

"నేను అర్జంటుగా పోవాలి" అన్నాను.

"ఆయ్, అలాగేనండి" అన్నాడు సరంగు ఎంతో వినయంగా. కదల్లేదు. "పెళ్ళివారండి. వదిలేసి ఎల్తే బాగోదు కదండీ."

మా మెట్టలో బండివాడు టైము అయిందంటే కన్నతల్లినైనా వదిలి పోతాడు. ఇక్కడ ఊరూ పేరూ తెలియని ఆవిడ వక్కల సంచి కోసం పడవెడు జనం నిమ్మకి నీరెత్తినట్టు కూర్చున్నారు. పైగా ఆ ఖాళీలో నన్ను పట్టుకున్నారు. ఏ ఊరండి, ఎవరి తాలూకండి, ఎక్కడికండి. వించి అని చెప్పగానే అది ఏమిటో చెప్పమన్నారు. చెప్పాక దాని మీద చర్చ మొదలైంది. ఇనపతాడు కంటే కొబ్బరి మోకు నయమని ఒకాయన, లారీ కంటే పడవ నయమని ఇంకొకాయన. ఎగువన వానల జాడ ఏమైనా ఉందా అని నేను అడిగాను.

"రావాలండి" అన్నాడు గొడుగు పట్టుకున్న రైతు ఒకాయన ఆశగా. "నారుమళ్ళు ఎండిపోతున్నాయండి. మీ కొండల్లో నాలుగు చినుకులు పడ్డాయని ఎవరైనా చెబితే వాళ్ళ నోట్లో పంచదార పోద్దునండి."

నేను మొహం తిప్పుకున్నాను. అవతలి ఒడ్డు రాగానే, అందరికంటే ముందు దిగుదామని పలక వేయకుండానే దూకాను. మోకాలి దాకా బురద. కాలు వచ్చింది, చెప్పు రాలేదు. ఆత్రపు పెళ్ళికొడుకు అత్త మెళ్ళో తాళి కట్టాడని సామెత. వెనకాల పెళ్ళివారి పడవ ఉండగా ఆ సామెత నాకే గుర్తుకు రావాలా? సరంగు నిదానంగా దిగి, బురదలో చెయ్యి పెట్టి చెప్పు తీసి, కడిగి మరీ ఇచ్చాడు. అందువల్ల బస్సు ఇంకాస్త ఆలస్యమైంది.

కొత్తపేట

రావులపాలెం అంతా అరటిగెలలే. బళ్ళ మీద గెలలు, అరుగుల మీద గెలలు, బస్సు పైన గెలలు, నా ఒళ్ళో ఎవరో పెట్టిపోయిన గెల ఒకటి. మా సంతలో అణాకి ఇచ్చే పళ్ళకి రెట్టింపు ఇక్కడ ఇస్తారు. కొన్నాను గాని తిన్న జ్ఞాపకం లేదు. నా కళ్ళు ఉత్తరం వైపు ఆకాశం మీదే ఉన్నాయి.

కొత్తపేటలో బస్సు ఆగితే కాఫీ హోటల్లోకి వెళ్ళాను. గోడవారన తోలు తొడుగు వేసిన పొడుగాటి సీటు ఒకటి ఉంది. కూర్చోగానే ఎడమపక్క స్ప్రింగు తొడలో పొడిచింది. నా లారీలోనూ సరిగ్గా అక్కడే పొడుస్తుంది. లేచి ఆ సీటు అంచులు చూశాను. మిలిటరీ ఆకుపచ్చ రంగు ఇంకా ఉంది.

"ఇది లారీ సీటు కదండీ?" అన్నాను హోటలాయనతో.

"ఆయ్. కనిపెట్టేసేరే" అని ఆయన సంబరపడి, పెసరట్టు నా ముందు పెట్టి కథ మొదలుపెట్టాడు. యుద్ధం తరవాత అటువైపు కొబ్బరి వర్తకుడు ఒకాయన ఈ లారీని మద్రాసులో కొని, పంటు మీద గోదావరి దాటించి తెచ్చాడట. తెచ్చాక చూస్తే కాలవ వంతెనలన్నీ ఎడ్లబళ్ళ కోసం కట్టినవి. ఏ వంతెన దగ్గరికి వెళ్ళినా కాలవ కాపలా చూసే లస్కరు అడ్డం పడ్డాడట. లారీ కొన్నాళ్ళు కొబ్బరితోటలో నిలబడింది. అందులో కోళ్ళు గుడ్లు పెట్టాయి. చివరికి వర్తకుడు విసిగి ముక్కలు ముక్కలుగా అమ్మేశాడు. "ఇంజను అమలాపురంలో బియ్యం మిల్లు ఆడిస్తోందండి. టైర్లు మా వాళ్ళందరి కాళ్ళకీ చెప్పులయ్యేయండి. ముందున్న డ్రమ్మూ తాడూ రాజోలు పడవలకి పోయేయండి. సీటు నాకొచ్చిందండి. కూర్చున్నవాళ్ళు లెగిసి ఎల్లరండి, అదొక్కటే ఇబ్బంది."

నేను మాత్రం లేచాను. రెండో పెసరట్టు తినలేదని ఆయన నొచ్చుకున్నాడు. బస్సు కదులుతూంటే దాన్ని ఆకులో చుట్టి కిటికీలోంచి అందించాడు. డబ్బులివ్వబోతే వద్దని చెయ్యి ఊపాడు.

అమలాపురం

రాత్రికి అమలాపురం సత్రంలో ఆగక తప్పలేదు. పనసపొట్టు కూర గురించి మా వాళ్ళకి చెప్పాలి. పచ్చి పనసకాయని కత్తితో సన్నగా పొట్టులా కొట్టి, ఆవ పెట్టి వండుతారు. మా కొండల్లో పనసచెట్లకి కొదవ లేదు. మేం పండితే తింటాం, లేకపోతే పశువులకి వేస్తాం. పచ్చికాయతో ఇంత రుచి చేయవచ్చని మాకు ఎవరూ చెప్పలేదు. గబగబా తిని చెయ్యి కడుక్కోబోతే వడ్డించే ఆవిడ ఆపేసింది.

"పెరుగు వేసుకోకుండా లేస్తే మా సత్రానికి మాటొస్తుందండి. కూర్చోండి బాబూ" అంది. కూర్చున్నాను. పెరుగంటే వీర్రాజుకి ఎంత ఇష్టమో గుర్తొచ్చింది. వాడు వాగు ఒడ్డున చోడిపిండి అంబలి కాచుకుంటూ ఉంటాడు.

తెల్లారి బోడసకుర్రు రేవు దాటి, మామిడికుదురు మీదుగా ఒంటెద్దు బండిలో రాజోలు దారి పట్టాను. దారంతా నీడ. ఎటు చూసినా కొబ్బరిచెట్లు, కాలవలు, కాలవల్లో కాయల పడవలు. ఎక్కడా గట్టు లేదు, బండరాయి లేదు. మెట్టవాడికి ఆ సమతలం చూస్తే ఒకలాంటి కంగారు. వాన వస్తే ఈ నీళ్ళన్నీ ఎటు పోతాయి అని బండివాణ్ణి అడిగాను.

"ఎక్కడికీ పోవండి. మాతోనే ఉంటాయండి" అన్నాడు.

రాజోలు

సత్తిరాజు గారి పడవల రేవు వశిష్ఠ ఒడ్డున ఉంది. అక్కడ నేను వెతుక్కుంటూ వచ్చిన వించి కనిపించింది. చూడగానే సంతోషం కలిగింది. దగ్గరికి వెళ్ళాక ఆ సంతోషం పోయింది.

వించిని నిలువునా లేపి, లావాటి తుమ్మదుంగల చట్రంలో బిగించేశారు. ఇంజనుకి తగలవలసిన మొన ఆకాశం వైపు చూస్తోంది. ఆ మొనకి పొడుగాటి దూలం ఒకటి అడ్డంగా కట్టి, కొసకి ఎద్దుల జతని కట్టారు. నూనె గానుగలో లాగా ఎద్దులు గుండ్రంగా తిరుగుతున్నాయి. ఇనపతాడు నేలబారుగా నది వైపు పోతోంది. దాని కొసన ఒక పెద్ద పడవ, సగం నీళ్ళలో, సగం ఒడ్డు మీద. తాడు నేలమీద వెళ్ళేచోట ఎండుగడ్డి పరిచారు. ఎద్దులు ఆ గడ్డి తొక్కుకుంటూ తాడు దాటిపోతున్నాయి. ఎంతసేపు చూసినా పడవ కదిలినట్టు కనబడదు. కాస్సేపు అటు తిరిగి ఇటు చూస్తే మాత్రం బెత్తెడు పైకి వచ్చి ఉంటుంది.

సత్తిరాజు గారు పెద్దమనిషి. భుజాన తువ్వాలు, నోట్లో చుట్ట. నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు.

"ముందు స్నానం చేసి భోంచేద్దురు గాని. మాటలకేవుందండి" అన్నారు.

"మా వాడు వాగులో ఉన్నాడండి" అన్నాను, నా గొంతు నాకే కరుకుగా వినబడింది.

ఆయన చుట్ట తీసి పక్కన పెట్టారు. "ఇస్తానండి. మీకే ఇస్తాను. పడవల వ్యాపారం మానేస్తున్నాను, ఇదే ఆఖరి పడవ. కానీ సగం ఎక్కిన పడవని వదలకూడదండి. జారిందంటే కింద ఉన్నవాళ్ళు పోతారు. రేపు తెల్లారేలోగా ఇది ఒడ్డెక్కుతుంది. అప్పుడు విప్పి పంపుతాను."

ఆ పడవ కింద దుంగలు సర్దుతున్నవాళ్ళు కూడా ఎవరికో బావమరుదులే. ధర దగ్గర పేచీ రాలేదు. పేచీ వచ్చింది షాఫ్టు దగ్గర. ఇంజను నుంచి వించికి బలం తెచ్చే పొడుగాటి ఇనపకడ్డీని షాఫ్టు అంటారు. అది లేకుండా వించి నా లారీకి పనికిరాదు. వీళ్ళు దాన్ని విప్పేసి మొనకి దూలం తగిలించారు.

"అదెందుకండి మీకు? ఎద్దులున్నాయి కదా" అన్నారు సత్తిరాజు గారు.

"ఎద్దులతో అయ్యే పనైతే నేను ఇంత దూరం ఎందుకు వస్తానండి? మా ఎద్దులన్నీ లాగి చూశాయి" అన్నాను. చెప్పొద్దూ, ఇంత చక్కని మిలిటరీ యంత్రాన్ని పట్టుకుని గానుగ చేసిన తెలివి చూసి లోపల్లోపల నవ్వుకున్నాను కూడా.

షాఫ్టు మామిడికుదురులో ఉందిట. ఆయన మేనత్త సూరమ్మ గారింట్లో నూతి గిలకకి ఇరుసుగా వేశారట. వించిని మర్నాడు ఎడ్లబండి మీద మామిడికుదురుకే పంపిస్తానన్నారు. అది నా దారే. భోంచేసి, ఎద్దులు తిరిగే తిరుగుడు ఇంక చూడలేక, వెంటనే వెనక్కి బయల్దేరాను.

మామిడికుదురు

సూరమ్మ గారు వాకిట్లో పసుపు కొమ్ములు ఎండబెడుతున్నారు. మేనల్లుడు చెప్పాడనగానే లోపలికి పిలిచి, మజ్జిగ ఇచ్చి, నూతి దగ్గరికి తీసుకెళ్ళారు. రెండు స్తంభాల మధ్య నా షాఫ్టు నిక్షేపంలా ఉంది. మధ్యలో గిలక తిరుగుతోంది. చేంతాడు రాసుకుని అద్దంలా మెరుస్తోంది.

"తీసుకెళ్ళండి బాబూ. నా గిలకకి తాటిమొద్దు వేయించుకుంటాను" అన్నారు ఆవిడ. అని, నేను చొక్కా చేతులు పైకి మడుస్తూంటే, "ఇవాళ కాదండి" అన్నారు.

"ఏమండీ?"

"శుక్రవారం కదండీ. ఇంట్లోంచి ఇనుము పంపమండి."

మా ఇంట్లోనూ శుక్రవారం పట్టింపు ఉంది గాని డబ్బు దాకానే. రేపు తీసుకుంటానన్నాను పళ్ళు బిగబట్టి.

"రేపు శనివారమండి. శనివారం ఇనుము కొనకూడదండి. మీకే అరిష్టం" అన్నారు ఆవిడ ఎంతో జాలిగా.

నేను అరుగు మీద కూలబడిపోయాను. అయ్యేపని కాదని లేచి, మళ్ళీ కూర్చుని, మళ్ళీ లేచాను. వాగూ, వీర్రాజూ, మొండితనం, అన్నీ చెప్పేశాను. ఇలాంటి చిక్కులు విప్పడంలో ఆవిడకి చాలా అనుభవం ఉన్నట్టుంది.

"శుక్రవారం ఇంట్లోంచి వస్తువు పోకూడదు గాని ఇంట్లోకి డబ్బు రావచ్చండి. శనివారం ఇనుము కొనకూడదు గాని కొన్నది పట్టుకెళ్ళచ్చండి. డబ్బులు ఇవాళ ఇచ్చేయండి. ఇనుము రేపు తీసుకెళ్ళండి. ఇద్దరికీ దోషం ఉండదు."

ఏ వకీలైనా అంతకంటే ఏం చెప్పగలడు? డబ్బులు ఇచ్చి, ఆ అరుగు మీదే రాత్రి గడిపాను. అన్నంలో ములక్కాడ పులుసూ, కొబ్బరి పచ్చడీ వేశారు. పక్క మీదికి విసనకర్ర ఇచ్చారు. ఆ ఇంట్లో నాకు జరిగినన్ని మర్యాదలు మా అత్తవారింట్లోనూ జరగలేదు. అయినా నిద్ర పట్టలేదు. ఉత్తరాన మెరుపు మెరిసిందేమో అని లేచి కూర్చోవడం, కొబ్బరాకుల్లో దీపం వెలుగు అని తెలిసి పడుకోవడం.

పొద్దున్న పాలేరు షాఫ్టు విప్పుతూ ఉండగానే రాజోలు బండి వచ్చింది. తోలేవాడు పోలయ్య. బండిలో వించితోపాటు ఆ తుమ్మ చట్రం, ఆ పొడుగాటి దూలం కూడా ఉన్నాయి.

"ఈ కర్రలెందుకు? నేను కొన్నది ఇనుము" అన్నాను. దారిలో రెండు రేవులు దాటాలి. ఆ దూలం ఒక్కటి ఎత్తడానికే నలుగురు మనుషులు కావాలి.

"దూలం లేకుండా వించి ఇస్తే కాడి లేకుండా ఎద్దుల్ని అమ్మినట్టేనన్నారండి మా అయ్యగారు. ఆయన అలా అమ్మరండి" అన్నాడు పోలయ్య. "వద్దంటే తవరే దారిలో పారేసుకోమన్నారండి. నేను మాత్రం దింపనండి."

వాదించే వ్యవధి లేదు. సూరమ్మ గారు షాఫ్టుకి ఇంత పసుపు రాసి, కుంకం పెట్టి బండెక్కించారు.

ముక్తేశ్వరం రేవు

బోడసకుర్రులో ఒకసారి దింపి ఎక్కించాం. అమలాపురం దాటి ముక్తేశ్వరం చేరేసరికి ఎండ వాలింది. కోటిపల్లి వెళ్ళే పడవ కోసం ఒడ్డుకి వచ్చి, నీళ్ళు చూసి ఆగిపోయాను.

గౌతమి ఎర్రగా ఉంది. వచ్చేటప్పుడు జొన్నాడలో కాళ్ళ గోళ్ళు కనబడేంత తేటగా ఉన్న నది ఇప్పుడు ఇటిక పొడి కలిపినట్టు వస్తోంది. మధ్యలో ఆకులు, కంపలు, ఒక వెదురు గడ. ఆ ఎర్రమట్టి మాది. మా ఇంటి గోడలకి పూసేది అదే.

రేవులో పండగలా ఉంది. ఆడవాళ్ళు పళ్ళాల్లో పసుపూ కుంకమా పట్టుకొచ్చి నీళ్ళలో వేస్తున్నారు. పడవవాళ్ళు ఒకరినొకరు పిలిచి చూపించుకుంటున్నారు. ఇంక పులస చేప ఏరు ఎక్కుతుందని ఒకడు, నారుమళ్ళకి కాలవ వదులుతారని ఒకడు. ఎగువన పడ్డ వాన ఇక్కడికి రావడానికి రోజులు పడుతుందని సరంగు చెప్పాడు. అంటే నేను పనసపొట్టు కూర తింటున్నప్పుడో, పెసరట్టు వద్దంటున్నప్పుడో మా వాగులోంచి ఈ నీళ్ళు పోయాయన్నమాట. నేను ఎంత పరుగెత్తినా అందుకునేవాణ్ణి కాదు. నాకు చాలా భయం వేసింది. వయసు వచ్చాక అంత భయం ఎప్పుడూ వేయలేదు.

పక్కనున్న ముసలావిడ నన్ను చూసి, "ఎగువోరా బాబూ?" అంది.

"అవునండి. మా వాడొకడు ఆ నీళ్ళ దగ్గర ఉన్నాడు."

ఆవిడ తన పళ్ళెంలోంచి చిటికెడు పసుపు నా చేతిలో వేసింది. నేను వంగి నీళ్ళలో వదిలాను. ఏం అడగాలో తెలియక, వాడు లారీ దిగి ఉంటే చాలు తల్లీ అనుకున్నాను. లారీ మాట అప్పుడు అడగలేదు. మనిషి మీద ఆశ పెట్టుకుంటూ ఇనుము గురించి కూడా అడగడానికి మనసొప్పలేదు.

వాగు

కోటిపల్లి నుంచి రాజమండ్రికీ, అక్కణ్ణించి కిరాయి లారీలో కొండల మీదికీ ఎలా వచ్చానో నాకు సరిగ్గా గుర్తులేదు. వాగు మలుపు తిరగ్గానే లారీ కనబడింది. నీళ్ళు చక్రాల దాకా తగ్గి ఉన్నాయి. రేడియేటరుకి గడ్డీ కంపా పట్టుకుని ఉన్నాయి. కేబిన్ కప్పు మీద, నడుముకి మోకు కట్టుకుని, ఆ మోకు లారీకే ముడేసుకుని, వీర్రాజు కూర్చున్నాడు. చొక్కా ఆరేసుకుంటున్నాడు.

"వచ్చేవా బావా. వించి దొరికిందా?" అన్నాడు.

నేను ఒడ్డున కూర్చుని ఏడ్చాను. వాడికి దూరానికి తెలిసి ఉండదు.

వాగు వచ్చిన రోజు నీళ్ళు బోనెట్టు మీదుగా పోయాయట. గూడెం వాళ్ళు అవతలి ఒడ్డు నుంచి దిగు దిగు అని అరిచారట. వీడు దిగలేదు. నేను నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. వాడు అన్నీ విని, "ఇంజను చచ్చింది బావా. లోపల అంతా ఇసకే. విప్పి కడిగితేగాని తిరగదు" అన్నాడు.

నా భుజం మీద షాఫ్టు ఉంది. పసుపూ కుంకమా ఇంకా ఉన్నాయి. శుక్రవారం డబ్బిచ్చి శనివారం మోసుకొచ్చిన షాఫ్టు. ఇంజను తిరిగితేనే గదా దానికి పని. ఎగువ కొండ మీద మళ్ళీ మబ్బు పడుతోంది. ఈసారి వస్తే లారీతో పాటు కప్పు మీది మొండివాణ్ణి కూడా ఊడ్చుకుపోతుంది.

అప్పుడు కిరాయి లారీలోంచి ఆ దూలం కొస పొడుచుకు వచ్చి కనబడింది. దారిలో రేవు రేవుకీ పారేద్దామనుకున్న దూలం.

చట్రాన్ని ఒడ్డు మీద మద్దిచెట్టుకి గొలుసులతో కట్టాం. తాడు కొస లారీకి తగిలించాం. వీర్రాజు మోకుతోనే కప్పు దిగి స్టీరింగు పట్టుకున్నాడు. గూడెం నుంచి ఎద్దుల జతని తెచ్చి దూలానికి కట్టాం. మొన్న ఎంత లాగినా బండిని కదపలేక ఓడిపోయిన ఎద్దులే. తాడు దగ్గరికి రాగానే అవి బెదిరి ఆగిపోయాయి. రాజోలు గుర్తొచ్చి ఎండుగడ్డి పరిపించాను. తలవంచుకుని దాటేశాయి. తోలడానికి నేనే నిలబడ్డాను. ఊరికే కూర్చుని చూడమంటే నా వల్ల కాదు. పొద్దస్తమానం ఆ ఎద్దుల వెనక తిరిగాను. లోపలి పళ్ళచక్రాలు ఎద్దుల బలాన్ని పెంచుతాయి గాని, ఎంత తిరిగినా తాడు బెత్తెడే వస్తుంది. కానీ వచ్చిన బెత్తెడు మళ్ళీ వెనక్కి పోదు. ఎద్దులు ఆగినా వించి పట్టు వదలదు. సత్తిరాజు గారి పడవ ఎలా ఎక్కిందో అప్పుడు ఒంటికి తెలిసింది.

దీపాల వేళకి వెనక చక్రాలు గడ్డి మీదికి వచ్చాయి. వీర్రాజు మోకు విప్పుకుని, తలుపు తీసుకుని, మామూలుగా డ్యూటీ దిగినట్టు దిగాడు. తెల్లారేసరికి వాగు రెండు ఒడ్లూ ఒరుసుకుని పారింది.

ఇంజను బాగుచేయించాను గాని వించిని చట్రంలోంచి విప్పలేదు. వాగులో ముందు చచ్చేది ఇంజనే కదా. షాఫ్టుని మా నూతి గిలకకి వేయించాను. కోనసీమ కబుర్లన్నీ చెప్పాక మా ఆవిడ సూరమ్మ గారి శాస్త్రం పట్టుకుంది. ఇప్పుడు మా ఇంట్లోనూ శుక్రవారం మేకు కూడా గడప దాటదు.

మొన్న తొలకరిలో నర్సీపట్నం వైపు కలప ఆసామీ ఒకాయన వెతుక్కుంటూ వచ్చాడు. మీ దగ్గర వించి ఉందట, ఎంతైనా ఇస్తానన్నాడు. కూర్చోమంటే కూర్చోడు. మజ్జిగ ముట్టుకోడు. మాటిమాటికీ వాకిట్లోకి వెళ్ళి కొండల వైపు చూసొస్తున్నాడు. మా ఆవిడ తలుపు చాటునుంచి, "శుక్రవారమండి. రేపు వచ్చి మాట్లాడుకోండి" అంది.

నేను ఆయన్ని ఒకటే అడిగాను. "లారీ మీద ఎవరైనా ఉన్నారా?"

"మా తమ్ముడండి. దిగమంటే దిగడం లేదు" అన్నాడు.

మా ఆవిడ లోపలికి వెళ్ళి, ఆ రోజు మద్దిచెట్టుకి కట్టిన ఆ గొలుసుల్ని రెండు చేతులా ఎత్తుకొచ్చి, తనే గడప దాటించి మా లారీలో వేసింది. "దూలం మర్చిపోకు" అంది వీర్రాజుతో.